వంకాయ రంగు చీర, నీలం ఫొటో

నేను ఫొటోగ్రాఫర్ని కాను. గద్వాలలో ఒక చేనేత సహకార సంఘంలో చీరలు మడతపెట్టే పనిలో చేరి, చీరలు మడతపెడుతూనే రిటైరయ్యాను. మధ్యలో కొన్నేళ్లు మాత్రం కెమెరా కూడా పట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోన్లో చీరలు అమ్ముకునే మా వీధి ఆడపిల్లలు నా దగ్గరికొచ్చి, చీర రంగు ఉన్నదున్నట్టు రావాలంటే కెమెరాకు ఏ ఫ్లాష్ కొనాలి ఆంటీ, తక్కువలో దొరికేది చెప్పండి అని అడుగుతుంటారు. రెండు మాటల్లో చెప్పి పంపేయొచ్చు. కానీ ఆ రెండు మాటలు నేర్చుకునే లోపల నేనొక మంచి మనిషిని చాలా కష్టపెట్టాను. అది దాచిపెట్టి సలహా ఒక్కటే ఇవ్వడం న్యాయం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పటికి గద్వాల ఇంకా జిల్లా కాలేదు. మా సంఘానికి హైదరాబాదు, బెంగళూరు దుకాణాల నుంచి ఆర్డర్లు వచ్చేవి. మొదట్లో మా మేనేజరు నమూనా చీరలు మూటగట్టుకుని బస్సుల్లో తిరిగేవాడు. దుకాణాల వాళ్లు ఫొటోలు పంపితే చాలనడం మొదలుపెట్టాక సంఘం ఒక డిజిటల్ కెమెరా కొన్నది. దాన్ని ఎవరి చేతికివ్వాలన్న చర్చ పాలకవర్గం సమావేశంలో చాలాసేపు నడిచింది. చివరికి నా చేతిరాత బాగుంటుందని నాకిచ్చారు. చేతిరాతకూ కెమెరాకూ ఏం సంబంధమని నేను అడగలేదు. కొత్త వస్తువు దానంతటదే చేతికొస్తుంటే ఎవరడుగుతారు?

స్టాకు గది వెనక ఒక చిన్న గది ఉండేది. ఒక కిటికీ, ఒక ట్యూబులైటు, గోడలకూ పైకప్పుకూ లేత ఆకుపచ్చ రంగు. చీరను గోడకు వేలాడదీసి బొత్తం నొక్కేదాన్ని. కెమెరాలోంచి బుల్లి ఫ్లాష్ ఒకటి టప్పున పైకి లేచి వెలిగేది. జరీ అంచు తెల్లగా మెరిసిపోయేది. మెరిస్తే మంచిదే కదా అనుకున్నాను. జరీ మెరవాల్సింది బంగారంలా గాని కడిగిన స్టీలు పళ్లెంలా కాదని నాకు తట్టలేదు. మేనేజరుకూ తట్టలేదు. ఆయనకు కరెంటు బిల్లు మీద ఉన్న శ్రద్ధ ఫొటోల మీద ఉండేది కాదు. చాయ్ తాగడానికి లేచినా ఫ్యాను ఆపి వెళ్లే మనిషి.

మాకు చీరలు నేసేవాళ్లలో ఒక పెద్దవయసు జంట ఉండేది. ఆమె మగ్గం నేసేది. ఆయన ఇంటి వెనక పెరట్లో పొయ్యిలు పెట్టి నూలుకు రంగులు అద్దేవాడు. నేను ఆయన్ను అన్నా అని, ఆమెను వదినా అని పిలిచేదాన్ని. వాళ్లకు నేను చెల్లెను. రంగు కలపడానికి అన్న దగ్గర కొలతల కాగితమేదీ ఉండేది కాదు. నూలు చిలపను నీళ్లలోంచి తీసి పిండి, ఎండలోకి ఎత్తిపట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవాడు. అయిందంటే అయినట్టే. ఆయన రంగును తప్పుపట్టిన వాళ్లను అంతవరకు నేను చూడలేదు.

ఒకసారి వదిన వంకాయ రంగు ఒంటికి ఆవపువ్వు రంగు పట్టు అంచు వేసి ఒక చీర నేసి తెచ్చింది. నేను ఫొటో తీశాను. ఆ వారమే ఒకావిడ కౌంటర్లో ఆ చీర కొనుక్కుపోయింది. ఫొటో చూసిన బెంగళూరు దుకాణం వాళ్లు అదే రంగులో ఎనిమిది కావాలన్నారు. అన్న అదే రంగు అద్దాడు, వదిన నేసింది. పార్సిలు పంపాం. వెళ్లిన ఎనిమిదీ తిరిగొచ్చాయి.

దుకాణం ఆయన ఫోన్లో సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడేవాడు. నీలి అడిగితే బదనెకాయి పంపారు అన్నాడట. మేనేజరుకు ముందు అర్థం కాలేదు, కూరగాయల సంగతి తననెందుకు అడుగుతున్నారని. బదనెకాయి అంటే వంకాయ అని పక్కనున్న గుమాస్తా చెప్పాక కంప్యూటర్లో ఫొటో తెరిచి చూశాడు. ఫొటోలో చీర నీలంగా ఉంది. బల్ల మీద చీరలు వంకాయ రంగులో ఉన్నాయి. నమూనా చీర ఎప్పుడో అమ్ముడుపోయింది. ఇక మిగిలిన సాక్ష్యం నా ఫొటో ఒక్కటే.

అన్నకూ వదినకూ కబురు వెళ్లింది. ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. మేనేజరు ఫొటోను కాగితం మీద అచ్చు తీయించి పెట్టుకున్నాడు. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నీ కండ్లు జర చూపించుకో పెద్దాయనా. వయసైతే అందరికీ గంతే. రంగు కంటికి ఆనకపోతే ఆనలేదని చెప్పాలె. గిట్లయితే సంఘం పేరు పోతది" అన్నాడు.

రంగు మారలేదు సారూ, అదే రంగు అని వదిన రెండుసార్లు అంది. అన్న మాత్రం ఆ కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు.

"నేను వంకాయ రంగే అద్దిన అనుకున్న సారు. ఫొటోల నీలం ఉన్నదంటే, మొదటిసారి ఏం అద్దిన్నో నాకే తెల్వదన్నట్టు. మిషిను అబద్ధం చెప్పదు గద" అన్నాడు.

నేను అదే గదిలో, రెండడుగుల దూరంలో చీర మడతపెడుతున్నాను. ఆ నమూనా చీరను నా చేతులతో రెండుసార్లు మడతపెట్టాను. అది వంకాయ రంగే. నాకు గుర్తుంది. అయినా నోరు మెదపలేదు. ఒకవేళ నేనే పొరబడుతున్నానేమో, ముందు సరిచూసుకుని చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత సంగతి తేలేదాకా వాళ్లకు కొత్త నూలు ఇవ్వొద్దని మేనేజరు గుమాస్తాతో చెప్పాడు. వాళ్ల మగ్గం ఖాళీ అయింది.

మూడో రోజు అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు, తిరిగొచ్చిన చీరల్లో ఒకటి తీసుకెళ్లి అదే గోడకు వేలాడదీసి, అదే కెమెరాతో ఫొటో తీశాను. కళ్లెదుట వంకాయ రంగు చీర. కెమెరా తెర మీద నీలం చీర. ఇంకోటి తీశాను. అదీ నీలమే. వంకాయ రంగు కెమెరాలకు కష్టమైన రంగని, ఎదురుగా కొట్టే ఫ్లాషూ ట్యూబులైటూ కలిస్తే మరీ మోసం చేస్తుందని తర్వాత తెలుసుకున్నాను. ఆ క్షణంలో తెలిసింది మాత్రం ఒక్కటే. తప్పు అన్న కళ్లది కాదు, నాది.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఆ రెండు ఫొటోలూ తుడిచేసి, చీరను యథాస్థానంలో పెట్టేశాను. చెబితే కెమెరా పోతుంది, పరువు పోతుంది, పార్సిళ్ల ఖర్చు నా మీద పడుతుంది. ఇలాంటివన్నీ మనసులో ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి. ముందు మంచి ఫొటో తీసే మార్గం కనుక్కుని, ఆ తర్వాత మెల్లగా చెబుదామని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా చూస్తుండగానే వారం దాటిపోయింది.

ఒక సాయంత్రం వదిన ఒంటరిగా వచ్చింది. వనపర్తిలో కంటి దవాఖాన ఎక్కడుందో కాగితం మీద రాసిమ్మంది.

"మీ అన్న నిద్ర పోతలేడు చెల్లె. పప్పు ఏ రంగుంది, నా చీర ఏ రంగుంది, అన్నీ నన్నే అడుగుతుండు. నేను చెప్తే మళ్ల కండ్లు నులుముకుని చూస్తుండు" అంది.

నేను దవాఖాన చిరునామా రాసిచ్చాను. అక్షరాలు చక్కగా, గుండ్రంగా వచ్చాయి.

మర్నాడు సెలవు పెట్టాను. నిజం చెప్పడానికి కాదు, ఫ్లాష్ కొనడానికి. అంతకుముందే గద్వాలలో రెండు స్టూడియోల్లో అడిగి చూశాను. కెమెరా మీద విడిగా బిగించే పెద్ద ఫ్లాష్ అయితే వెలుగును పైకి తిప్పుకోవచ్చు, చీర మీద నేరుగా పడదు, మెరుపు తగ్గుతుంది అని చెప్పారు. అయితే మా కెమెరా కంపెనీ వాళ్ల సొంత ఫ్లాష్ ధర కెమెరా ధరలో సగానికి పైనే ఉంది. మేనేజరుతో ఆ మాట అంటే ఫ్యాను ఆపినట్టు నన్నూ ఆపేస్తాడు. రెండో స్టూడియో ఆయన జాలిపడి, అటక మీంచి పాత ఫ్లాష్ ఒకటి దుమ్ము దులిపి ఇచ్చాడు. రీలు కెమెరాల కాలంనాటిది, ఊరికే పడి ఉంది, తీసుకుపొమ్మన్నాడు. అందులో బ్యాటరీలు లేవు. వనపర్తిలో ఒక పాత స్టూడియో పెద్దాయన ఉన్నాడు, ఆయనకు చూపించి పెట్టుకో అని కూడా చెప్పాడు. ఆ సలహానే మా సంఘం కెమెరాను కాపాడింది.

సెలవు రోజు పొద్దున వనపర్తి బస్సెక్కి చూస్తే ముందు సీట్లో అన్నా వదినా. దవాఖానకు బయల్దేరారు. వదిన పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. ఎక్కడికి చెల్లె అంటే, పనుందని చెప్పాను. బీచుపల్లి వంతెన మీదికి బస్సు రాగానే అన్న కిటికీలోంచి కృష్ణను చూశాడు. వానల రోజులు, నది నిండుగా పారుతోంది. వదినను అడగలేదు. నా వైపు తిరిగి నన్నడిగాడు.

"చెల్లె, నువ్వు చెప్పు. ఆ నీళ్లు ఏ రంగున్నయి?"

"ఎర్రమట్టి రంగున్నయి అన్నా."

"నాకు గూడ గదే ఆనుతుంది" అన్నాడు. ఆయన ముఖం కాస్త తేటపడింది. మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

అప్పుడు చెప్పాల్సింది. పెబ్బేరు వచ్చింది, దాటింది. వనపర్తి కూడా వచ్చింది. వాళ్లు దవాఖాన వైపు వెళ్లారు. నేను సంచిలో పాత ఫ్లాష్ పట్టుకుని స్టూడియో వెతుక్కుంటూ వెళ్లాను.

ఆ స్టూడియో పెద్దాయన పెళ్లిఫొటోలు మానేసి పాస్‌పోర్టు ఫొటోలు మాత్రమే తీస్తున్నాడు. నా చేతిలోని ఫ్లాష్ చూడగానే, దీన్ని కెమెరా మీద పెట్టావా అమ్మా అని కంగారుగా అడిగాడు. లేదనగానే ఊపిరి పీల్చుకుని, బ్యాటరీలు వేసి, కరెంటు పనివాళ్లు వాడే మీటరు తెచ్చి దాని అడుగున కొలిచి చూపించాడు. రెండువందల వోల్టులు దాటింది. పాత కెమెరాలు దీన్ని తట్టుకునేవి, డిజిటల్ కెమెరా మీద పెడితే లోపల బోర్డు మాడిపోతుంది అన్నాడు. ఊరికే వచ్చిన వస్తువు ఎంత ఖరీదైనదో నాకప్పుడు అర్థమైంది.

కెమెరా కంపెనీ ఆటోమేటిక్ ఫ్లాష్ కొనే స్తోమత మాకు లేదన్నాను. ఆయన ఒక ప్రశ్న అడిగాడు. "చీర ఉరుకుతదా అమ్మా?"

ఉరకదన్నాను.

"మరి ఆటోమేటిక్ ఫ్లాష్ నీకెందుకు? ఉరికే పెండ్లికొడుక్కు కావాలె గది. నీకు చేతితోని వెలుగు తగ్గించుకునేది, మెడ పైకి, పక్కకు తిరిగేది ఉంటే సాలు. కంపెనీ పేరు లేకున్నా నడుస్తది."

మా ఆడపిల్లలకు నేనిప్పుడు చెప్పే సలహా ఇదే. నా సొంతం కాదు. ట్యూబులైటు ఆపి తీయమని, కెమెరాలో రంగుల అమరికను దాని ఇష్టానికి వదిలేయకుండా ఫ్లాష్ గుర్తు మీద పెట్టుకోమని కూడా ఆయనే చెప్పాడు. అమ్మడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నాగర్‌కర్నూల్‌లో ఒకతను పెళ్లిఫొటోలు వదిలేసి విత్తనాల దుకాణం పెట్టాడని, అతని దగ్గర అలాంటిది ఉండాలని ఆనవాళ్లు చెప్పి పంపాడు.

ఎండ నెత్తికెక్కిన వేళ నాగర్‌కర్నూల్‌లో దిగాను. దుకాణం నిండా పత్తి విత్తనాల సంచులు. అతను వాటి వెనక చేయిపెట్టి, గుడ్డలో చుట్టిన ఫ్లాష్ తీశాడు. నేను అడగకముందే వరసగా ఇరవైసార్లు వెలిగించి చూపించాడు. విత్తనాలు కొనడానికొచ్చిన రైతులు ఏదో జరుగుతోందని చుట్టూ చేరారు. అతను ఆ ఫ్లాష్‌తో ఎన్నో పెళ్లిళ్లు తీశాడట. అయినా బాధేమీ లేకుండా, పత్తి అయితే పెళ్లివాళ్లలా ఫొటోకు కళ్లు మూయదక్కా, ఎప్పుడు తీసినా ఒకేలా నిలబడుతుంది అన్నాడు. నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను. నా జీతంలోంచే ఇచ్చుకోగలిగిన ధరకు ఇచ్చాడు.

మర్నాడు అందరికంటే ముందే ఆఫీసుకు వెళ్లాను. ఫ్లాష్ బిగించి, మెడ పైకి తిప్పి, కప్పు మీదికి కొట్టాను. జరీ మెరుపు తగ్గింది, బంగారంలా కనిపించింది. కానీ చీర మొత్తం పసరు పూసినట్టు వచ్చింది. కాసేపు తల పట్టుకుని కూర్చున్నాను. తలెత్తి చూస్తే సంగతి కప్పులోనే ఉంది. ఆకుపచ్చ కప్పు మీద పడిన వెలుగు ఆకుపచ్చగాక మరెలా వస్తుంది? స్టాకులోంచి తెల్ల పంచె ఒకటి తెచ్చి, నాలుగు మూలలా తాళ్లు కట్టి పందిరిలా వేశాను. మళ్లీ కొట్టాను. తెర మీద వంకాయ రంగు చీర కనిపించింది. కడిగి పెట్టిన వంకాయలాగే ఉంది.

ఇక సాకులు లేవు. కెమెరా, ఫ్లాష్, పంచె, చీర సంచిలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను.

వదిన ఖాళీ మగ్గం పక్కన కూర్చుని ఎవరిదో నూలు కండెలు చుడుతోంది. దవాఖానలో ఏమన్నారని అడిగాను. కళ్లు బాగానే ఉన్నాయన్నారట. అయితే మంచిదే కదా అన్నాను. అన్న తల అడ్డంగా ఊపాడు.

"కండ్లు మంచిగుంటే, మరి బుద్ధి చెడినట్టే గద చెల్లె" అన్నాడు.

ఆ మాటతో నాలో మిగిలిన కాస్త పిరికితనమూ పోయింది. వాళ్ల గోడకు చీర వేలాడదీశాను. ముందు పాత పద్ధతిలో, కెమెరాలోని బుల్లి ఫ్లాష్‌తో తీశాను. తర్వాత పంచె కట్టి, వెలుగు దాని మీదికి తిప్పి, ఇంకోటి తీశాను. కెమెరా అన్న చేతిలో పెట్టి, ఈ రెండూ ఒకే చీర అన్నా అని, జరిగిందంతా చెప్పాను. ఆయన ఒక కన్ను మూసి చూశాడు. ఒకటి, రెండోది, మళ్లీ మొదటిది. తర్వాత తలెత్తి గోడ మీది చీరను చూశాడు.

"అంటే నేను సూసింది నిజమే."

"నిజమే అన్నా."

"నీకెప్పుడు తెల్సింది?"

"మూడో నాడే."

వదిన చేతిలో కండె ఆగింది. "బస్సుల మా పక్కన కూసున్ననాడు గూడ తెల్సా?" అంది.

తెలుసు వదినా అన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. అన్న కెమెరా నా చేతికిచ్చాడు. తిట్టలేదు, పరవాలేదని కూడా అనలేదు.

"సారుకు చెప్పినవా?"

"ఇంకా లేదన్నా."

"ముందు గక్కడికి పో" అన్నాడు.

వెళ్లాను. రెండు ఫొటోలూ చూపించి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆ ముసలాయనను నేను ఏమేమన్నానో గుర్తుందా మేడం నీకు అన్నాడు మేనేజరు. నాకు మెమో ఇచ్చాడు. ఇవ్వాల్సిందే. జవాబు రాసిచ్చాను. ఆ సాయంత్రమే ఆయన కొత్త నూలు స్కూటరు మీద పెట్టుకుని స్వయంగా వాళ్లింటికి వెళ్లాడు. అక్కడ ఏం మాట్లాడాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వారం తిరక్కముందే ఆ ఇంట్లో మళ్లీ మగ్గం చప్పుడు వినిపించింది.

తిరిగొచ్చిన ఎనిమిది చీరలకూ కొత్త ఫొటోలు తీసి హైదరాబాదులోని ఒక దుకాణానికి పంపాం. ఎనిమిదీ అమ్ముడుపోయాయి. రంగు ఫొటోలో ఉన్నట్టే ఉందని వాళ్లు ఫోన్ చేసి చెప్పినప్పుడు మేనేజరు ఫోను నా చెవికి పెట్టాడు. బెంగళూరు ఆయనకు అన్న నిజంగానే నీలం అద్దాడు. వదిన మాత్రం నెలకు పైగా నాతో మాట్లాడలేదు. నేసిన చీరలు తెచ్చి గుమాస్తా బల్ల మీద పెట్టి వెళ్లిపోయేది. ఒకరోజు నా బల్ల మీద పెట్టి, మడత సక్కగ పెట్టు చెల్లె, అంచు నలుగుతుంది అంది. ఆ రోజు ఆ చీరను మడతపెట్టినంత జాగ్రత్తగా నేను ఇంకే చీరనూ మడతపెట్టి ఉండను.

కెమెరా నా దగ్గరే ఉండిపోయింది. పరువు కొంత పోయింది గాని, బతకడానికి సరిపోయేంత మిగిలింది. ఉద్యోగంలో తప్పు చేయనివాళ్లు ఉండరని మా కాలంలో పెద్దలు ఓదార్చేవారు. అది నిజమే. కాకపోతే మనం చేసిన తప్పు అవతలివాడి కళ్ల మీదికో బుద్ధి మీదికో పోతున్నప్పుడు, దాన్ని సరిదిద్దే పరికరం కోసం ఊళ్లు తిరగడం కంటే, ఒక్క మాట చెప్పడం చవక. నేను మూడు ఊళ్లు తిరిగాక గాని అది తెలుసుకోలేదు.

కొత్త నూలు వచ్చిన రోజే అన్న మేనేజరుకు ఒక షరతు పెట్టాడట. ఇక మీదట తాను చూడకుండా ఏ ఫొటో బయటికి పోకూడదని. మేనేజరు సరేనన్నాడు. ఆ వారంలోనే అన్న ఉతికిన చొక్కా వేసుకుని మా వెనక గదికి వచ్చాడు. నేను తీసి పెట్టిన ఇరవై ఫొటోలను కిటికీ పక్కన కూర్చుని చూశాడు. ఒక్కో చీరనూ తెప్పించుకుని, తెర పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. తొమ్మిది పనికిరావన్నాడు. నేను మధ్యాహ్నం అన్నానికి లేవకుండా ఆ తొమ్మిదీ మళ్లీ తీశాను. ఆయన పందిరిగా కట్టిన తెల్ల పంచె అంచు పట్టుకుని, ఫ్లాష్ మెడ జర ఇటు వంచు, జర అటు వంచు అని చెబుతూ పక్కనే నిలబడ్డాడు. ఆ తొమ్మిదింట్లో రెండు మొదటిసారే బాగా వచ్చాయని ఇప్పటికీ నా నమ్మకం. ఆ సంగతి ఆయనతో ఎప్పుడూ అనలేదు.